ఉదయగిరి ఎవరి కొండ?

అల్లూరులో పుట్టిన మాకు కొండంటే తెలీదు. తూర్పున ఇసకపల్లి సముద్రం. మిగతా దిక్కులన్నీ వరిమళ్లు, కాలవలు, తాటిచెట్లు. చూపు ఆనడానికి ఒక గుడి గోపురం, ఒక మసీదు మినారు తప్ప ఎత్తుగా ఏమీ ఉండేవి కావు. అయినా మా ఇంట్లో ఒక కొండ ఉండేది. వంటింటి గోడ మేకుకు వేలాడే చెక్క గరిటె అది. కాడ మీద సన్నటి లత, ఆకులు చెక్కి ఉండేవి. ఏ.ఎస్.పేట దర్గాకు మొక్కు తీర్చుకోవడానికి పోయినప్పుడు అమ్మీ కొనుక్కొచ్చింది. పండగనాడు షీర్ ఖుర్మా కలపడానికి మాత్రమే దాన్ని మేకు మీంచి దించేది. ఇదెక్కడిదని అడిగితే 'ఉదయగిరి పహాడ్‌ది' అనేది. ఏ చెట్టు చెక్కో, ఏ అంగట్లో కొన్నదో చెప్పేది కాదు. కొండదని మాత్రమే చెప్పేది.

బళ్లో తెలుగు అయ్యవారు ఉదయాద్రి అంటే సూర్యుడు పుట్టే కొండ అని అర్థం చెప్పారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే అమ్మీ నవ్వింది. 'సూరజ్ సమందర్ మే సే నికల్తా బేటా, పహాడ్ కే పీఛే జాకో సోతా' అంది. ఆమె చెప్పిందే నిజం. అల్లూరు వాళ్లకు పొద్దు సముద్రంలోంచి పుడుతుంది. ఉదయగిరి మాకు పడమట, జిల్లా ఆ చివర ఉంది. మాకది పొద్దు గూకే దిక్కు. పుస్తకంలో అర్థానికీ మా కాళ్ల కింది నేలకూ మధ్య ఉన్న ఈ తేడా అప్పట్లో మాకొక నవ్వులాట. రెండు భాషల్లో చదువుతూ రాస్తూ నలభై దాటాక, అది నవ్వులాట కాదని తెలిసొచ్చింది. కొండ ఏ దిక్కున ఉందో చెప్పాలంటే చెప్పేవాడు ఎక్కడ నిలబడ్డాడో ముందు తేలాలి. కవిత్వంలో కొండకూ ఇదే వర్తిస్తుంది.

ఉదయగిరి దుర్గం 3,079 అడుగుల ఎత్తు. తెలుగు సాహిత్య చరిత్రలో దానికి చిన్న స్థానమేమీ లేదు. పదిహేనో శతాబ్దంలో నంది మల్లయ, ఘంట సింగయ జంటగా రాసిన ప్రబోధచంద్రోదయం, దగ్గుపల్లి దుగ్గన నాసికేతోపాఖ్యానం ఉదయగిరి కొలువులోని మంత్రులకే అంకితమయ్యాయి. ఆ అంకితాల్లో ఉదయగిరి ఒక రాజ్యం పేరు, ఒక కొలువు పేరు. తర్వాత కృష్ణదేవరాయలు వచ్చాడు. 1513లో కోటను ముట్టడించి, ఏడాదిన్నర కాచుకుని కూర్చుని, 1514లో పట్టుకున్నాడు. ఆ గెలుపును అల్లసాని పెద్దన మనుచరిత్ర అవతారికలో ఒక పద్యం చేశాడు. పండితులు ఇవ్వాళ్టికీ నోరారా చదివే పద్యం అది. రాయల కత్తి మొట్టమొదట ఉదయాద్రి రాతికి తగిలి నిప్పు పుట్టిందట. ఆ నిప్పు కొండవీడెక్కి, కోనలు కాల్చి, గోదావరిని కాచి, చివరికి కటకం దాకా పోయి గజపతిని తరిమిందట. ఊళ్ల పేర్లు మంటల్లా ఒకదాన్నుంచి ఒకటి అంటుకుంటాయి. పద్యం గొప్పది. అందులో మాకు అనుమానం లేదు.

అయితే ఆ పద్యంలో కొండ చేసే పనేమిటి? చెకుముకి రాయి చేసే పని. రాజు కత్తికి నిప్పు పుట్టించి పక్కకు తప్పుకుంటుంది. దాని మీద చెట్టు లేదు, వాగు లేదు, గొర్రె లేదు, గొర్రెలకాపరి లేడు. కోట లోపల ఏడాదిన్నర పాటు ఏం తిన్నారో, ఏం తాగారో ఎవరికీ పట్టలేదు. ఇదే కవి, ఇదే కావ్యంలో, ఇంకో కొండను ఎలా చూపించాడో గుర్తు తెచ్చుకోండి. కాళ్లకు సిద్ధుడిచ్చిన పసరు పూసుకుని ప్రవరుడు హిమాలయానికి పోతాడు. అక్కడ సెలయేళ్లు దూకుతాయి, నెమళ్లు పురివిప్పుతాయి, ఏనుగులు చెట్లను కదిలిస్తాయి. మంచు కరిగి పసరు కరిగి, మనిషి కొండకు చిక్కిపోతాడు. ఎక్కడో ఉత్తరాన ఉన్న కొండకు ఇంత ప్రాణం పోసిన చేయి, తెలుగునేల మీది కొండకు ఒక నిప్పురవ్వ విదిల్చి ఊరుకుంది. హిమాలయాన్ని యాత్రికుడి కళ్లతో చూసినవాడు ఉదయగిరిని సేనాపతి కళ్లతో చూశాడు. హంపీలో నిలబడి చూసిన కొండ అది. హంపీకి ఉదయగిరి తూర్పే. ఆ పద్యంలో ఉదయాద్రి అనే మాటకున్న శ్లేష హంపీ వాళ్లకు సరిపోతుంది. అల్లూరు వాళ్లకు సరిపోదు.

ఇదంతా పాత కావ్యాలతో పోలేదు. ఇరవయ్యో శతాబ్దంలో కోటలూ కొండలూ మరోసారి కవిత్వంలోకి వచ్చాయి, ఈసారి శిథిలాలుగా. పుట్టపర్తి నారాయణాచార్యుల పెనుగొండలక్ష్మి, కొడాలి వెంకటసుబ్బారావు హంపీక్షేత్రం తెలుగువాళ్లను ఏడిపించాయి. పోయిన వైభవం ముందు నిలబడి కవి కన్నీరు పెడితే అది అబద్ధమని మేము అనం. ఆ కన్నీటికి వలసపాలన రోజుల్లో ఒక అర్థముంది. కానీ ఆ దారిలో వచ్చిన కోట పద్యాల్లో, బడి నాటకాల్లో, ఉపన్యాసాల్లో ఒక పాత్ర ఖాయమైపోయింది. కోట కట్టినవాడు మనవాడు, పడగొట్టినవాడు తురుష్కుడు. కొండ గాయం, తురుష్కుడు కత్తి. పద్యం వినేవాళ్లలో మేమూ కూర్చుని ఉంటామన్న సంగతి ఆ పద్యానికి పట్టదు.

ఒకసారి ఒక సాహిత్యసభలో ఇలాంటి కోట పద్యాలు చదివారు. చప్పట్లయ్యాక వేదిక మీది పెద్దమనిషి ఒకాయన మా వైపు తిరిగి, 'మీవాళ్లు పాడుచేసిన కోటల మీద నువ్వూ ఒకటి చదువు భాయ్' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. ఇంటికి పోయే బస్సులో కూర్చున్నాక 'మీవాళ్లు' అన్న మాట చెప్పులో ముల్లులా గుచ్చుకోవడం మొదలుపెట్టింది. ఆయన పగతో అన్నాడని మేము అనుకోలేదు. పద్యాలు నేర్పిన మాటే ఆయన నోట వచ్చింది. కవిత్వం మీద మా ఫిర్యాదు అక్కడే మొదలైంది.

ఉదయగిరి చరిత్ర ఆ మాటకు లొంగదు. 1514లో కోట పోగొట్టుకున్నవాడు ఎవరు? ప్రతాపరుద్ర గజపతి. కొండ మీద చిక్కినవాడు అతని బంధువు తిరుమల రౌతరాయడు. గెలిచినవాడు కృష్ణదేవరాయలు. ఇందులో తురుష్కుడు ఎక్కడున్నాడు? ఉంటే రాయల సైన్యంలోనే ఉండాలి. రెండో దేవరాయల కాలం నుంచీ విజయనగర సేనల్లో ముస్లిం విలుకాళ్లూ రౌతులూ ఉన్నారు. కోట పట్టుకున్నాక రాయలు ఉదయగిరి గుడిలోని బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి, 1515లో కొత్త గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. శాసనాలే ఈ మాట చెబుతాయి. ఒక కొండ మీది దేవుడు యుద్ధంలో గెలిచిన సొత్తుగా ఇంకో ఊరికి పోయాడు. ఇదే పని ఒక సుల్తాను చేసి ఉంటే మన పాఠ్యపుస్తకాల్లో ఏ క్రియాపదం వాడేవాళ్లో పాఠకులకు చెప్పనక్కరలేదు. రాయలు చేస్తే 'ప్రతిష్ఠించాడు' అన్నాం. పని ఒక్కటే, క్రియ మారింది. భాషలో వివక్ష బూతుమాటల్లోనే ఉండదు. ఇలా క్రియాపదాల్లో కూడా దాక్కుంటుంది.

గోల్కొండ వాళ్లు పదిహేడో శతాబ్దంలో ఉదయగిరికి వచ్చారు. వాళ్లూ కత్తితోనే వచ్చారు. దాన్ని దాచిపెట్టే అవసరం మాకు లేదు. ఆ తర్వాత కొండ మీద మసీదులు లేచాయి. కొండపై మసీదులో ఉన్న రెండు ఫారసీ శాసనాలు, అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుబడిలో షేక్ హుసేన్ అనే అధికారి ఆ కట్టడం కట్టించాడనీ, తోట వేయించాడనీ చెబుతాయి. ఆ తోట అన్న మాట దగ్గర మేము ఆగిపోయాం. అంత ఎత్తున తోట వేయాలంటే నీళ్లు మోసినవాళ్లుండాలి. మొక్క బతికిందా లేదా అని పొద్దున్నే పోయి చూసినవాళ్లుండాలి. వాళ్లు ఏ మతం వాళ్లో శాసనం చెప్పదు. మంటలంటుకున్న కొండ మీద ఎవరో నీళ్లు పోశారు. మంటకు మహాకావ్యంలో చోటు దొరికింది. నీళ్లకు మసీదు గోడ మీద, మన జిల్లాలో పదిమందికి కూడా చదవరాని లిపిలో, ఒక ముక్క దొరికింది.

ఆ తర్వాత ఆర్కాటు నవాబు కోటను జాగీరుగా ఇచ్చాడు. 1839 ప్రాంతంలో కంపెనీవాళ్లు అప్పటి జాగీర్దారు మీద రాజద్రోహం మోపి చెంగల్పట్టులో నిర్బంధించారు. కర్నూలు నవాబు కూడా అదే ఏడు పట్టుబడ్డాడు. తెల్లవాడి చేత ద్రోహి అనిపించుకున్న ఈ కొండ మీద దేశభక్తి గీతం ఒక్కటి కూడా మా చెవిన పడలేదు.

ఇంతవరకూ తెలుగు కవిత్వాన్ని నిలదీశాం. ఇక మన ఇల్లు చూసుకుందాం. 'మీవాళ్లు' అన్నప్పుడు మనలో కొందరు వెంటనే 'ఔను, కోట మాదే, మా నవాబులు ఏలారు' అని మీసం తిప్పుతారు. ఇది జవాబు కాదు. పెద్దన పద్యాన్నే తలకిందులు చేసి చదవడం. అల్లూరు, ఉదయగిరి, ఆత్మకూరు వీధుల్లో ఉన్న మనలో ఎందరి తాతలు నవాబులు? దూది ఏకినవాళ్లు, రాళ్లు కొట్టినవాళ్లు, గుర్రాలకు గడ్డి మోసినవాళ్లు, పకీర్లు, గాజులమ్మినవాళ్లు. కోట మీద ఏ జెండా ఎగిరినా రాళ్లెత్తింది వాళ్లే. నవాబు పేరు చెప్పుకుంటే వాళ్ల పేరు రెండోసారి చెరిగిపోతుంది.

ఉర్దూ కవిత్వంలో కొండలకు కొదవ లేదు. తూర్ ఉంది. మూసా ప్రవక్త దర్శనం కోరిన కొండ, వెలుగు తగిలి పొడైపోయిన కొండ. బేసుతూన్ ఉంది. షీరీన్ కోసం ఫర్హాద్ గొడ్డలి పట్టుకుని తొలిచిన కొండ. ఫర్హాద్‌ను కోహ్‌కన్ అంటారు, కొండను తవ్వేవాడని. లోకసాహిత్యంలో ఇంతకంటే గొప్ప కూలిమనిషి మాకు కనిపించడు. రాజు ఖుస్రో ఓడిపోయినట్టే, రాళ్లు కొట్టేవాడు గెలిచినట్టే గజల్ ఇప్పటికీ పాడుతుంది. ఇక్బాల్ 1901లో మఖ్‌జన్ పత్రిక మొదటి సంచికలో అచ్చువేసిన కవిత హిమాలయం మీదే. తర్వాత బాంగె దరా పుస్తకంలోనూ దాన్నే మొదట పెట్టాడు. ఇంత సంపద ఉన్న భాష మాది. అయినా మేము నెల్లూరు వైపు విన్న ముషాయిరాల్లో కవులు తూర్ నుంచి బేసుతూన్‌కు పోయారు, బేసుతూన్ నుంచి హిమాలయానికి పోయారు. దారిలో ఉదయగిరి దగ్గర బస్సు ఆపినవాడు ఒక్కడు కూడా కనబడలేదు. కోహ్‌కన్‌ను పాడేవాళ్లకు పక్కవీధిలో చెక్క చెక్కేవాడు కవితకు పనికిరాలేదు.

తెలుగులో రాస్తున్న మనవాళ్లు? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ పుట్టుమచ్చ వచ్చాక, 1998లో జల్‌జలా సంకలనం వచ్చాక తెలుగు కవిత్వానికి మన ఇళ్లు, బుర్ఖాలు, సాయిబుల వాడలు, భయాలు తెలిశాయి. ఆ పుస్తకాలు లేకపోతే ఈ వ్యాసమూ లేదు. కానీ మేము చదివినంతలో మన కవిత్వం ఎక్కువగా వాడలో ఉండిపోయింది. మసీదు కూలితే రాశాం, కర్ఫ్యూ పెడితే రాశాం. రాయక తప్పని రోజులవి. చెట్టూ గుట్టా వాగూ మాత్రం తమవేనన్నట్టు ఎవరో తీసుకుపోయారు, మనం ఊరుకున్నాం. నేల మీద హక్కు అడిగేవాడు ఆ నేల మీది చెట్ల పేర్లు చెప్పలేకపోతే ఎవరు నమ్ముతారు?

ఇక్కడ మాకు చాలా దూరపు కొండ ఒకటి గుర్తొస్తుంది. స్కాట్లండ్ పడమటి ఎత్తుల్లో బెన్ డోరన్ అనే కొండ ఉంది. 1,076 మీటర్లు, మన దుర్గం కంటే కొంచెం ఎత్తు. దాన్ని పాడినవాడు డంకన్ బాన్ మెకింటైర్. 1724లో పుట్టి 1812లో పోయాడు. చదవడం, రాయడం రెండూ రావు. మాతృభాష గేలిక్, ఇంగ్లీషు దొరల దృష్టిలో అనాగరికుల భాష. 1746లో ఫాల్కర్క్ యుద్ధానికి ఇంకొకరి బదులు, వాళ్ల కత్తే అరువు తీసుకుని రాజు పక్షాన పోయాడు. పారిపోయే హడావుడిలో ఆ కత్తి పోగొట్టుకున్నాడు. దాని మీదే పాట కట్టాడు. ఆ ఏడాదే ప్రభుత్వం ఆ కొండవాసుల దుస్తుల్ని నిషేధించింది. 1782 దాకా ఆ నిషేధం పోలేదు. రాజు పక్షాన పోరాడినవాడికి కూడా బట్ట మార్చుకోక తప్పలేదు. ఒంటి మీది బట్టను చూసి రాజభక్తిని లెక్కగట్టడం ఎలా ఉంటుందో మన పాఠకులకు వివరించనక్కరలేదు.

ఆ తర్వాత అతను ఒక ప్రభువు అడవికి కాపలా మనిషిగా చేరాడు. ఆ ఉద్యోగంలో తిరిగిన కొండే బెన్ డోరన్. దాని మీద అయిదువందలకు పైగా పాదాల గీతం కట్టాడు. బ్యాగ్‌పైప్ వాయిద్యంలో ఒక మూల రాగాన్ని ఎత్తుకుని, దాన్ని మార్చి మార్చి, వేగం పెంచుతూ, తిరిగి మొదటికొచ్చే పద్ధతి ఒకటుంది. కవితను ఆ పద్ధతిలోనే నడిపాడు. అందులో నాయకుడు రాజు కాదు. లేడి. అది ఎలా తల ఎత్తుతుంది, ఏ గడ్డి మేస్తుంది, ఏ ఊటలో నీళ్లు తాగుతుంది, ఇవే సంగతులు. అతను నోటితో చెబితే ఎవరో రాసిపెట్టారు. 1768లో ఎడింబరోలో అచ్చయింది. తర్వాతి కాలంలో పెద్ద పెద్ద కవులు ఇంగ్లీషులోకి తెచ్చారు. 1802లో, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, మళ్లీ ఆ కొండల దగ్గరికి పోయి వీడ్కోలు పాట చెప్పాడు. అప్పటికి అక్కడ లేళ్లు పోయి గొర్రెల మందలు వచ్చాయి.

ఆ కొండ ఎవరిది? పట్టా ప్రభువుది. మెకింటైర్ జీతగాడు. కానీ ఇవ్వాళ బెన్ డోరన్ అంటే లోకం ప్రభువును తలుచుకోదు, కత్తి పోగొట్టుకున్న కావలివాణ్ని తలుచుకుంటుంది. మా వాదన ఇదే. కవిత్వంలో కొండ, దాన్ని గెలిచినవాడికీ పట్టా ఉన్నవాడికీ చివరిదాకా మిగలదు. దాన్ని దగ్గరగా ఎరిగి, ఎరిగింది చెప్పినవాడికి మిగులుతుంది. ఉదయగిరిని ఎరిగినవాళ్లు ఉన్నారు. చెప్పినవాళ్లు లేరు.

ఎరిగినవాళ్లను వెతుక్కుంటూ మేము ఉదయగిరి పోయాం. అప్పటిదాకా దర్గా దాటి అటు పోయింది లేదు. దిలావర్ భాయ్ వీధిలో ఇళ్ల ముందు చెక్క పొట్టు పడి ఉంది. అక్కడ చేసే చెంచాలకు, గరిటెలకు, ఫోర్కులకు ఇప్పుడు ప్రభుత్వం వారి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చేసేవాళ్లలో ముస్లింలే ఎక్కువ, అందులోనూ ఆడవాళ్లు. చెక్క దుర్గం అడవిదీ, చుట్టుపక్కల కొండలదీ. నర్ది, బిక్కి, ఇంకా కొన్ని మానులు. కాడ మీద చెక్కే లతలు మసీదు గోడల మీద కనిపించే లతల చుట్టాలు. ఒక పెద్దావిడ గుమ్మంలో కూర్చుని చెంచా గుంట నునుపు చేస్తోంది. రెండు చెక్కముక్కలు మా చేతుల్లో పెట్టి బరువు చూడమంది. మాకు తేడా తెలియలేదు. 'ఏ ఊపర్ కా, ఏ నీచే కా' అంది. ఒకటి కొండ పైది, ఒకటి కిందిది. బొటనవేలితో రుద్ది చూసి చెప్పగలదు. ఉదయాద్రి మీద పద్యం ఉందని మేము చెబితే, ఆ పద్యంలో ఏముందని అడిగింది. కత్తి రాయికి తగిలి నిప్పు పుట్టిందని చెప్పాం. 'ఫిర్ ఝాడాఁ?' అంది. మరి చెట్లో?

పెద్దన మీద అయిదువందల ఏళ్లలో వచ్చిన విమర్శల్లో ఇంత సూటి ప్రశ్న మేము చదవలేదు.

ఆవిడ కవి కాదు, మేము ఆవిణ్ని కవిని చేయబోవడం లేదు. బతుకుతెరువును కళ అని పొగిడి చేతులు దులుపుకోవడం మన పత్రికలవాళ్లకు అలవాటే. అడవిలో చెక్క తెచ్చుకోవడం ఎంత కష్టమో, చెంచాకు ఎంత గిట్టుతుందో అడిగితే ఆ వీధిలో ఎవరూ కవిత్వం మాట్లాడరు. మేము అనేది వేరు. కొండను గురించిన తెలివి ఆ బొటనవేలిలో ఉంది. అది తెలుగు కవిత్వంలోకి రాలేదు, ఉర్దూ కవిత్వంలోకి రాలేదు. మెకింటైర్‌కు రాత రాకపోతే రాసిపెట్టేవాళ్లు దొరికారు. మన చేతిలో రెండు లిపులున్నాయి. ఆ వీధి గుమ్మంలో కూర్చుని వినేవాళ్లే కావాలి.

ఆ రాసేవాళ్లకు ఒక మాట. ఉదయగిరిని గోల్కొండ కోటగా రాయకండి, రాయల కోటగానూ రాయకండి. గజపతుల రాళ్లు, బాలకృష్ణుడు లేని గుడి, షేక్ హుసేన్ తోట, చెంగల్పట్టుకు పోయిన జాగీర్దారు, గొర్రెల కాపర్లు, చెక్క మోసే చెంచులూ యానాదులూ సాయిబులూ, అందరూ ఎక్కిన కొండగా రాయండి. తెలుగులో రాయండి, ఉర్దూలో రాయండి, మనం ఇంట్లో మాట్లాడే రెండూ కలిసిన భాషలో రాయండి. మానుల పేర్లు తప్పుల్లేకుండా రాయండి. అప్పుడు ఏ సభలోనైనా 'మీవాళ్లు' అన్నవాడికి మనం కోపంతో జవాబు చెప్పక్కరలేదు. పద్యం చదివితే చాలు.

అమ్మీ పోయాక ఆ గరిటె మా ఇంటికి వచ్చింది. ఇన్నేళ్ల పాలకూ నేతికీ నల్లబడింది. లత కొంత అరిగింది. మొన్న పండగనాడు దాన్ని దించినప్పుడు మా పిల్లవాడు ఇదెక్కడిదని అడిగాడు. ఉదయగిరి కొండది అన్నాం. ఆ కొండ ఎవరిదని అడిగాడు. వాడికి చెప్పడానికి ఒక కవిత కోసం వెతుక్కుంటున్నాం.